భూమి సూర్యుడి మీదకి పడుతూనే ఉంది, కానీ తగలదు

గ్రహాలు సూర్యుడి చుట్టూ ఎందుకు తిరుగుతాయి అని అడిగితే మన దగ్గర చాలామంది టక్కున చెప్పే జవాబు ఒకటుంది. గురుత్వాకర్షణ లోపలికి లాగుతుంది, అపకేంద్ర బలం బయటికి నెడుతుంది, రెండూ సరిసమానం కాబట్టి గ్రహం అటూ ఇటూ పోకుండా మధ్యలో తిరుగుతూ ఉంటుంది, అని. ట్యూషన్లలో ఇదే చెప్తారు, గైడుల్లో ఇదే ఉంటుంది, పరీక్షలో రాస్తే మార్కులు కూడా పడతాయి. త్రాసులో రెండు తట్టలూ సమానంగా తూగినట్టు వినడానికి బాగుంటుంది కూడా. కానీ ఒక్క నిమిషం ఆగి చూస్తే ఇది నిలబడదు. రెండు బలాలు నిజంగా సమానమై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే భూమి మీద మిగిలేది సున్నా, మరి ఏ బలమూ లేని వస్తువు వంపు తిరగదు కదా, గీత గీసినట్టు నేరుగా వెళ్ళిపోతుంది. అంటే ఈ జవాబే నిజమైతే భూమి సూర్యుడి చుట్టూ తిరగనే తిరగకూడదు.

అసలు సంగతి ఇంతకంటే సులువు, కాకపోతే మొదటిసారి వింటే నమ్మబుద్ధి కాదు. భూమి మీద పనిచేసే ముఖ్యమైన బలం ఒక్కటే, సూర్యుడు తనవైపు లాగే లాగుడు. దానికి ఎదురుగా బయటికి నెట్టేది ఏమీ లేదు. కాబట్టి భూమి సూర్యుడి మీదకి పడుతోంది, ఇప్పుడు కూడా పడుతూనే ఉంది, కానీ పడుతూ పడుతూనే పక్కకి ఎంత జోరుగా పోతోందంటే ప్రతిసారీ సూర్యుణ్ణి తప్పించుకుపోతోంది. కక్ష్య అనే మాటకి అర్థం ఇంతే.

హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఏటా మామూలుగా జనవరి 1న నుమాయిష్ మొదలవుతుంది, అలాంటి ఎగ్జిబిషన్లలో మౌత్ కా కువా చూసినవాళ్ళకి ఈ విషయంలో సగం అర్థమైపోయినట్టే. చెక్క పలకలతో కట్టిన పెద్ద డోలు లాంటి బావి, పైన అంచు చుట్టూ జనం నిలబడి తొంగి చూస్తుంటారు, కింద ఒకతను బైక్ స్టార్ట్ చేసి రెండు మూడు చుట్లు వాలు మీద తిప్పి ఒక్కసారిగా నిటారు గోడ ఎక్కేస్తాడు. బైక్ దగ్గరికొచ్చినప్పుడల్లా పలకలు దడదడలాడతాయి, పట్టుకున్న కమ్మీ చేతుల్లో అదురుతుంది, ఎవరో చెయ్యి చాపి పది నోటు పట్టుకుంటే అతను హ్యాండిల్ వదిలేసి లాక్కుపోతాడు. చూసేవాళ్ళకి బైక్‌ని ఏదో బయటికి తోసి గోడకి అదిమిపెడుతున్నట్టు ఉంటుంది, కానీ జరిగేది దానికి తలకిందులు, గోడే బైక్‌ని లోపలికి, బావి మధ్యకి, నెడుతోంది. బైక్ మాత్రం ప్రతి క్షణం నేరుగా పోదామనే చూస్తుంది, గోడ అడ్డం పడి దాని దారి కొంచెం తిప్పుతుంది, మళ్ళీ నేరుగా పోబోతుంది, మళ్ళీ గోడ తిప్పుతుంది. ఆ కొంచెం కొంచెం తిప్పులన్నీ కలిస్తేనే చుట్టు అయ్యేది. ఒక్క పలక ఊడిపోయిందనుకోండి, బైక్ ఆ క్షణంలో ఎటు చూస్తోందో అటే నేరుగా దూసుకుపోతుంది.

పల్లెల్లో జొన్న చేను కాడ మంచె ఎక్కి పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పిన పెద్దవాళ్ళకి ఇది చేత్తో తెలిసిన విషయం. రాయి తిరుగుతున్నంతసేపు తాడు లోపలికి లాగుతూ ఉంటుంది, ఒక కొస వదలగానే రాయి గుండ్రంగా తిరగడం మానేసి చక్కగా పోతుంది, అదీ చేతికి సరిగ్గా ఎదురుగా బయటికి పోదు, ఆ సుడికి గీసిన స్పర్శరేఖ మీద పోతుంది. గురి తెలిసినవాడు ఎప్పుడు వదలాలో లెక్క చూసుకుని వదిలేది అందుకే. సూర్యుడి విషయంలో కంటికి కనిపించే తాడూ లేదు, గోడా లేదు, ఆ పని గురుత్వాకర్షణ చేస్తోంది.

మరి బయటికి నెట్టే బలం అనే ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది అంటే, ఆర్టీసీ బస్సు మలుపు తిరిగేటప్పుడు నిలబడ్డవాళ్ళందరూ ఒక పక్కకి ఒరిగిపోవడం గుర్తు చేసుకోండి. ఎవరూ నెట్టలేదు, మన ఒళ్ళు నేరుగా పోతోంది, బస్సే కింద నుంచి పక్కకి తిరిగింది. బస్సుతో పాటు తిరుగుతూ లోపల కూర్చుని లెక్క వేసుకునేవాళ్ళు అపకేంద్ర బలం అని ఒకటి కలుపుకుంటే లెక్క సరిపోతుంది, ఇంజనీర్లు అలా కలుపుకోవడం తప్పేం కాదు. కానీ రోడ్డు పక్కన నిలబడి చూసేవాళ్ళకి ఆ బలం ఎక్కడా కనపడదు. స్కూల్లో ఈ రెండు చూపుల్ని కలగాపులగం చేసి చెప్పడం వల్లే ఇంత గందరగోళం.

ఇంకో పాత అపోహ కూడా ఉంది, దీంట్లో మహామహులే పడ్డారు. ఏదైనా కదులుతూ ఉండాలంటే ఎవరో ఒకరు తోస్తూ ఉండాలి అని. రోజూ మన అనుభవం అదే కదా, సైకిల్ తొక్కడం ఆపితే ఆగిపోతుంది, బండికి పెట్రోల్ అయిపోతే ఆగిపోతుంది. మౌత్ కా కువాలో కూడా ఇంజన్ ఆపేస్తే బైక్ కిందికి జారాల్సిందే. అందుకే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ అంతటివాడు కూడా సూర్యుడి నుంచి ఏదో శక్తి బయల్దేరి గ్రహాల్ని పక్కనుంచి ఊడ్చుకుంటూ తిప్పుతోంది అనుకున్నాడు. కానీ సైకిల్‌ని ఆపేది గాలి, రోడ్డు రాపిడి. గెలీలియో, ఆయన తర్వాత న్యూటన్ చెప్పింది ఏంటంటే రాపిడి లేకపోతే కదిలే వస్తువు కదులుతూనే ఉంటుంది, దానికి కారణం వెతకనక్కర్లేదు, దారి మారితేనే కారణం వెతకాలి. అంతరిక్షంలో భూమికి అడ్డం పడే గాలి దాదాపు లేదు కాబట్టి వందల కోట్ల ఏళ్ళ కిందటి వేగం అలాగే ఉండిపోయింది. ఇంజన్ అవసరం లేదు. ప్రశ్న కూడా మారిపోతుంది ఇక్కడ, భూమిని ఎవరు నడిపిస్తున్నారు అని కాకుండా భూమి దారిని ఎవరు వంచుతున్నారు అని అడగాలి.

దీన్ని చూపించడానికి న్యూటన్ ఎత్తైన కొండ మీద ఒక ఫిరంగిని ఊహించుకున్నాడు. ఆయన రాసిన ప్రిన్సిపియా అనే పుస్తకం అచ్చయింది 1687 జూలైలో. అదే ఏడాది సెప్టెంబర్‌లో, ఎనిమిది నెలల ముట్టడి తర్వాత, గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. ఫిరంగి గుండు ఎలా పడుతుందో ఒకచోట కాగితం మీద లెక్క తేలుతుంటే ఇక్కడ గోడల మీద గుండ్లు పడుతున్నాయన్నమాట. కోటలో పెట్ల బురుజు మీద ఫతే రహబర్ ఫిరంగి ఇప్పటికీ ఉంది. కాబట్టి న్యూటన్ ఊహని గోల్కొండ మీద పెట్టి చూడటం మనకి చాలా తేలిక.

కోట శిఖరం బాలాహిస్సార్ పైనుంచి చార్మినార్ వైపు ఒక గుండు పేల్చాం అనుకుందాం, గాలి లేదనుకుందాం, మధ్యలో బిల్డింగులు కూడా లేవనుకుందాం. మెల్లగా పేలిస్తే లంగర్‌హౌస్ దగ్గర పడుతుంది. ఇంకాస్త జోరుగా అయితే కార్వాన్ దాకా వస్తుంది. ఇంకా జోరు పెంచితే చార్మినార్ దగ్గర. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే గుండు ఎంత జోరుగా పోయినా మొదటి సెకనులో కిందికి పడేది మాత్రం ఒకటే, దాదాపు 5 మీటర్లు, చేతిలోంచి జారిన రాయి ఎంత పడుతుందో అంతే. జోరు దాన్ని ముందుకి తీసుకుపోతుంది తప్ప పడటాన్ని ఆపదు. ఇప్పుడు గుండు సెకనుకి 8 కిలోమీటర్ల వేగంతో పేల్చితే? గోల్కొండ నుంచి చార్మినార్ గీత గీసినట్టు కొలిస్తే ఇంచుమించు 8 కిలోమీటర్లే, అంటే ఒక్క సెకనులో గుండు చార్మినార్ మీద ఉంటుంది, ఈలోపు 5 మీటర్లు కిందికి పడి ఉంటుంది. కానీ భూమి బల్లపరుపుగా లేదు, గుండ్రంగా ఉంది, 8 కిలోమీటర్ల దూరంలో నేల కూడా 5 మీటర్లు కిందికి వంగిపోతుంది. గుండు 5 మీటర్లు పడింది, నేల 5 మీటర్లు తగ్గింది, మధ్యలో ఎత్తు ఎంత ఉందో అంతే ఉంది. తర్వాతి సెకను మళ్ళీ అదే కథ, ఆ తర్వాతి సెకనూ అంతే. గుండు పడటం ఎక్కడా ఆపలేదు, కానీ నేల అందట్లేదు. భూమి తన చుట్టూ తాను తిరగడం పక్కన పెడితే, దాదాపు 84 నిమిషాల తర్వాత ఆ గుండు భూగోళం మొత్తం చుట్టి గండిపేట వైపు నుంచి తిరిగొచ్చి గోల్కొండ మీదుగానే మళ్ళీ పోతుంది.

ఇంకా జోరు పెంచితే కక్ష్య సాగిపోయి కోడిగుడ్డులా దీర్ఘవృత్తం అవుతుంది, సెకనుకి 11.2 కిలోమీటర్లు దాటితే ఇక తిరిగి రాదు.

ఇప్పుడు అదే గుండు స్థానంలో భూమిని, భూమి స్థానంలో సూర్యుణ్ణి పెట్టండి. సూర్యుడు సగటున 14.96 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, భూమి సెకనుకి దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో పక్కకి పోతోంది. ఆ ఒక్క సెకనులో, నేరుగా పోవాల్సిన దారి నుంచి సూర్యుడి వైపు ఎంత పడుతుందో లెక్కేస్తే వచ్చేది 3 మిల్లీమీటర్లు. పెసరగింజ అంత. 30 కిలోమీటర్లు ముందుకి పోయి ఒక పెసరగింజంత పక్కకి ఒరుగుతుంది, అంతే, ఆ ఒరుగుడే ఏడాది పొడవునా పోగుపడి ఒక చుట్టు పూర్తవుతుంది. ఉగాది తర్వాత ఉగాది రావడం వెనకున్నది ఈ 3 మిల్లీమీటర్లే.

పడుతూ ఉండటమే కక్ష్య అని ఒప్పుకుంటే స్పేస్ స్టేషన్‌లో మనుషులు గాల్లో ఎందుకు తేలతారో కూడా తెలిసిపోతుంది. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడికి వెళ్ళినప్పుడు ఆ వీడియోలు చూసి పైన గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి తేలుతున్నారు అని చాలామంది చెప్పుకున్నారు. 400 కిలోమీటర్ల ఎత్తులో భూమి లాగుడు నేల మీద ఉన్నదాంట్లో ఇంకా 90 శాతం దాకా ఉంటుంది. స్టేషనూ పడుతోంది, లోపలున్న మనుషులూ పడుతున్నారు, చేతిలో నీళ్ళ బొట్టూ పడుతోంది, అందరూ ఒకే తీరుగా పడుతుంటే ఎవరి బరువు ఎవరి మీద ఆనుతుంది?

ఇదంతా ఊహేనా, ఏమైనా రుజువు ఉందా అంటే న్యూటన్ చేసిన మొదటి పరీక్షే చాలు, చేతిలో ఒక క్యాలిక్యులేటర్ ఉంటే ఎవరైనా చెయ్యొచ్చు. నేల మీద ఉన్న మనం భూమి మధ్య బిందువు నుంచి ఎంత దూరంలో ఉన్నామో చంద్రుడు దానికి 60 రెట్ల దూరంలో ఉన్నాడు. లాగుడు దూరం వర్గంతో తగ్గుతుంది అనుకుంటే, అంటే రెండింతల దూరానికి నాలుగో వంతు, మూడింతలకి తొమ్మిదో వంతు, అలా 60 రెట్లకి 3600వ వంతు అవ్వాలి. ఇక్కడ మామిడికాయ మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది కాబట్టి చంద్రుడు సెకనుకి దాంట్లో 3600వ వంతు పడాలి, అంటే 1.36 మిల్లీమీటర్లు, ఒక ఆవగింజంత. ఇప్పుడు ఇదేమీ అనుకోకుండా వేరే దారిలో రండి, చంద్రుడు 3,84,400 కిలోమీటర్ల దూరంలో 27.3 రోజులకి ఒక చుట్టు వేస్తున్నాడు, ఆ వేగం సెకనుకి కిలోమీటరు పైచిలుకు, అంత వేగంతో ఆ వంపు తిరగాలంటే సెకనుకి ఎంత పడాలి? 1.36 మిల్లీమీటర్లు. చెట్టు మీది కాయని కిందికి లాగేదీ చంద్రుణ్ణి పట్టుకుని తిప్పేదీ ఒకటే అని మనిషికి మొదటిసారి అంకెల్లో తెలిసింది ఇలాగే. సైన్స్ చరిత్రలో ఇంత అందమైన లెక్క ఇంకోటి లేదనే చెప్పాలి.

సరే, లాగుడు సూర్యుడిది, మరి ఆ పక్కకి పోయే జోరు ఎక్కడిది? ఎవరూ ఫిరంగి పేల్చలేదు కదా. దాదాపు 460 కోట్ల ఏళ్ళ కింద సూర్యుడు, గ్రహాలు అన్నీ కలిపి ఒకే పెద్ద వాయువు, ధూళి మేఘం. ఆ మేఘానికి మొదట్నుంచీ కాస్త మెలి ఉంది, మెల్లగా తిరుగుతోంది. సొంత బరువుకి లోపలికి కుంచించుకుపోతున్న కొద్దీ ఆ తిరుగుడు జోరందుకుంది, కూచిపూడి ఆడేవాళ్ళు గిరికీ కొడుతూ చాచిన చేతులు దగ్గరికి తీసుకుంటే వేగం పెరుగుతుంది చూడండి, అలాగే. మేఘం చదునైపోయి పళ్ళెంలా అయ్యింది, మధ్యలో పోగైంది సూర్యుడు, చుట్టూ పళ్ళెంలో మిగిలిన దాంట్లోంచి గ్రహాలు. అందుకే ఎనిమిది గ్రహాలూ ఒకే దిక్కుకి, దాదాపు ఒకే చదును మీద తిరుగుతున్నాయి. సరిపడా పక్కజోరు లేని సరుకంతా సూర్యుడిలో కలిసిపోయింది. ఇప్పుడు మనకి కనిపిస్తున్నవి తప్పించుకోగలిగిన వేగం ఉన్నవే, కాబట్టి అన్ని గ్రహాలకీ సరిగ్గా కావాల్సినంత వేగం ఎలా కుదిరింది అని ఆశ్చర్యపోతే, కుదరనివి మిగల్లేదు అన్నదే జవాబు.

ఆ జోరు మొత్తం ఒక్కసారిగా పోతే ఏమవుతుంది? భూమి తిన్నగా సూర్యుడిలోకి పడిపోతుంది, దానికి పట్టేది 64 రోజుల పైన కొన్ని గంటలు. కానీ ఆ జోరు పోగొట్టడం మహా కష్టం, ఇది చాలామంది ఊహకి అందని విషయం. భూమి నుంచి ఒక నౌకని సూర్యకుటుంబం దాటించి బయటికి పంపాలంటే భూమి ఇచ్చే 30 కిలోమీటర్ల వేగానికి ఇంకో 12 కలిపితే చాలు, భూమి పట్టు తప్పించుకోవడానికి అయ్యే ఖర్చు వేరే అనుకోండి. అదే సూర్యుడిలో పడెయ్యాలంటే ఆ 30 కిలోమీటర్ల వేగాన్నీ చంపెయ్యాలి. బయటికి పోవడం కంటే సూర్యుడిలో పడటమే కష్టం. 2018లో నాసా పంపిన పార్కర్ సోలార్ ప్రోబ్ అనే నౌక అందుకే ఏడుసార్లు శుక్రుడి పక్కగా పోయి ప్రతిసారీ కొంచెం జోరు వదిలించుకుంటూ, ఆరేళ్ళ పైన తిరిగి, 2024 డిసెంబర్ 24కి సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దూరం దాకా చేరింది.

ఇక కక్ష్యలు గుండ్రంగా కాకుండా దీర్ఘవృత్తాలు అని, అంటే తన మొదటి నియమాన్ని, కనిపెట్టింది కెప్లర్, ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహే ఏళ్ళ తరబడి కొలిచిన కుజుడి స్థానాల్ని ముందేసుకుని. ఎన్ని వృత్తాలు వేసి చూసినా 8 ఆర్క్ నిమిషాల తేడా మిగిలిపోయింది, అంటే నిండు చందమామ వెడల్పులో నాలుగో వంతు. ఇంకొకరైతే వదిలేసేవారు, కెప్లర్ వదల్లేదు, 1609లో వృత్తాన్నే వదిలేశాడు. ఆకాశంలో స్థానాలు ఓపిగ్గా కొలిచే ఈ పని మన ఊళ్ళో కూడా జరిగింది, 1901లో మొదలైన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకి మారి గాజు పలకల మీద ఫోటోలు తీసి ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాల్ని ప్రపంచ నక్షత్ర పటానికి అందించింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకి పోయే పిల్లల్లో ఎంతమందికి పక్కనే అది ఉందని తెలుసో గానీ, తెలియాలి.

కెప్లర్ రెండో నియమం సూర్యుడికి దగ్గరున్నప్పుడు గ్రహం జోరుగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా పోతుంది అంటుంది. కారణం మళ్ళీ పడటమే, సూర్యుడి వైపు పడుతూ వస్తే వేగం పెరుగుతుంది, దూరంగా ఎక్కుతుంటే తగ్గుతుంది, బంజారాహిల్స్ డౌన్‌లో ఆటో న్యూట్రల్‌లో వదిలినట్టు. భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదటి వారంలో, నుమాయిష్ మొదలైన రోజుల్లోనే, అప్పుడు దూరం 14.71 కోట్ల కిలోమీటర్లు. బాగా దూరమయ్యేది జూలై మొదటి వారంలో, అటూ ఇటూగా బోనాల సీజన్‌లో, 15.21 కోట్లు. చలికాలంలో దగ్గరేంటి అనిపిస్తుంది, కానీ ఎండకి చలికి కారణం భూమి ఇరుసు వాలు, ఈ దూరం తేడా దాని ముందు చిన్నది. అయితే వేగం తేడాని మాత్రం ఇంట్లో పంచాంగం తీసి చూసుకోవచ్చు. సూర్యుడు ధనుస్సులో ఉండే ధనుర్మాసం డిసెంబర్ 16 ప్రాంతంలో మొదలై సంక్రాంతికి అయిపోతుంది, 29 రోజుల పైన కొన్ని గంటలు. అదే జూన్ మధ్యలో మిథునంలోకి వచ్చిన సూర్యుడు కర్కాటకానికి పోవడానికి దాదాపు 31న్నర రోజులు తీసుకుంటాడు. రెండు రాశులూ ఆకాశంలో సరిగ్గా 30 డిగ్రీలే, మరి రెండు రోజుల తేడా ఎందుకు? జనవరి దగ్గర్లో భూమి జోరుగా పోతోంది కాబట్టి. ముగ్గులు, గొబ్బెమ్మలు, తిరుప్పావై నడిచే ఆ నెల పొట్టిగా ఉండటంలో కెప్లర్ నియమం కూర్చుని ఉంది. గురుత్వాకర్షణ పేరు వినకముందే మన పంచాంగకర్తలు ఈ తేడాని పట్టుకుని లెక్కల్లో పెట్టుకున్నారు, కారణం తెలియకపోయినా కొలత తప్పలేదు, అది చాలా గొప్ప సంగతి.

దూరంగా ఉన్న గ్రహానికి చుట్టు పూర్తవడానికి ఎంత ఎక్కువ కాలం పడుతుందో చెప్పే కెప్లర్ మూడో నియమం పుష్కరాల్లో ఉంది. గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరి పుష్కరం, కన్యలోకి వస్తే కృష్ణా పుష్కరం, ఏడాదికో రాశి చొప్పున పన్నెండేళ్ళకి ఒక చుట్టు. ఎందుకు పన్నెండే? గురుడు సూర్యుడికి భూమికంటే 5.2 రెట్ల దూరంలో ఉన్నాడు. దూరం ఎక్కువైతే లాగుడు తగ్గుతుంది, లాగుడు తగ్గితే సూర్యుడిలో పడిపోకుండా ఉండటానికి కావాల్సిన వేగమూ తగ్గుతుంది, పైగా చుట్టాల్సిన దారి పొడుగవుతుంది, రెండు విధాలా ఆలస్యమే. నాలుగు రెట్ల దూరంలో ఉంటే లాగుడు 16వ వంతు, వేగం సగం, దారి నాలుగింతలు, కాబట్టి కాలం 8 ఏళ్ళు. ఇదే లెక్క 5.2కి వేస్తే 11.86 ఏళ్ళు. పూర్తిగా పన్నెండు కాదు, అందుకే పుష్కరం తేదీ కూడా ముందుకి జరుగుతూ వస్తుంది, గోదావరికి 2003లో జూలై ఆఖర్లో వస్తే 2015లో జూలై 14కే వచ్చింది. శని 9.58 రెట్ల దూరంలో ఉన్నాడు, చుట్టు దాదాపు 29న్నర ఏళ్ళు, అంటే రాశికి రెండున్నరేళ్ళు, మూడు రాశులకి ఏడున్నర. ఏలినాటి శని ఏడున్నరేళ్ళు అనే లెక్క వచ్చింది అక్కడే. జాతకం నమ్మేవాళ్ళు నమ్మొచ్చు, మానేవాళ్ళు మానొచ్చు, ఆ ఏడున్నర మాత్రం సూర్యుడి బరువు, శని దూరం కలిసి తేల్చిన అంకె.

సూర్యుణ్ణి చూడటానికి ఇస్రో పంపిన ఆదిత్య ఎల్1 నౌక ఈ మూడో నియమాన్ని తప్పినట్టు కనిపిస్తుంది. అది భూమి నుంచి 15 లక్షల కిలోమీటర్లు సూర్యుడి వైపు ఉంది, దగ్గరున్నది జోరుగా పోవాలి కదా, మరి భూమితో పాటే ఏడాదికి ఒక చుట్టు ఎలా వేస్తోంది? అక్కడ భూమి దాన్ని వెనక నుంచి లాగుతూ సూర్యుడి లాగుడులో కొంత తగ్గించేస్తోంది. తగ్గిన లాగుడుకి తగ్గ నెమ్మది. ఆ లెక్క సరిగ్గా కుదిరే చోటే ఎల్1, 2024 జనవరి 6న ఇస్రో దాన్ని ఆ బిందువు చుట్టూ ఉండే కక్ష్యలో పెట్టింది.

ఇప్పటిదాకా సూర్యుడు కదలకుండా కూర్చున్నట్టు మాట్లాడుకున్నాం, అదీ పూర్తి నిజం కాదు. భూమిని సూర్యుడు ఎంత బలంతో లాగుతున్నాడో సూర్యుణ్ణి భూమి కూడా అంతే బలంతో లాగుతోంది, ఆయన 3,33,000 రెట్లు బరువు కాబట్టి చలించేది తక్కువ, అంతే తేడా. గురుడి లాగుడుకైతే సూర్యుడు సెకనుకి 12.5 మీటర్ల వేగంతో చిన్న చుట్టు కొడుతుంటాడు, గంటకి 45 కిలోమీటర్లు, ఖాళీ రోడ్డు మీద స్కూటీ పోయినట్టు. వేరే నక్షత్రాలకి గ్రహాలున్నాయని తెలిసింది ఈ ఊగుడు వల్లే. 1995లో మేయర్, కెలోజ్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు దాదాపు 50 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న 51 పెగాసి నక్షత్రం వెలుగులో ఇలాంటి ఊగుడు పట్టుకున్నారు, గ్రహం కంటికి కనపడలేదు, కానీ నక్షత్రం 4.2 రోజులకోసారి ముందుకీ వెనక్కీ ఊగుతోంది, అంటే అక్కడ ఏదో దాన్ని లాగుతోంది. 2019లో వాళ్ళకి నోబెల్ వచ్చింది.

కనపడని దాన్ని లాగుడుతో పట్టుకోవడం అప్పటికి కొత్తేమీ కాదు. యురేనస్ లెక్క ప్రకారం పోవట్లేదని చూసి, అవతల ఇంకో గ్రహం లాగుతోంది, ఫలానా చోట వెతకండి అని లెవెరియే అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త ఉత్తరం రాస్తే, 1846 సెప్టెంబర్ 23 రాత్రి బెర్లిన్‌లో ఆయన చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. అదే లెవెరియే తర్వాత బుధుడి మీద పడ్డాడు. బుధుడి కక్ష్య కూడా మెల్లగా తిరుగుతోంది, మిగతా గ్రహాల లాగుళ్ళన్నీ తీసేసినా వందేళ్ళకి 43 ఆర్క్ సెకన్ల (ఆర్క్ నిమిషంలో 60వ వంతు ఒక ఆర్క్ సెకను) తేడా మిగిలిపోతోంది. సరే, సూర్యుడి పక్కన ఇంకో గ్రహం ఉండాలి అన్నాడు, వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు, గ్రహణాలప్పుడు దశాబ్దాల పాటు వెతికారు. లేదు. ఒకసారి లెక్క తప్పితే గ్రహం దొరికింది, ఇంకోసారి లెక్క తప్పితే నియమంలోనే లోటు దొరికింది.

1915 నవంబర్‌లో ఐన్‌స్టీన్ ఆ 43ని సరిగ్గా తేల్చాడు. ఆయన లెక్కలో సూర్యుడు దూరం నుంచి లాగడం అనేదే లేదు, తన బరువుతో చుట్టూ ఉన్న స్థలాన్నీ కాలాన్నీ వంచుతాడు, గ్రహం ఆ వంపులో తనకి వీలైనంత నేరుగా పోతుంది. నులక మంచం మీద ఒక బరువైన మనిషి కూర్చుంటే గోళీలన్నీ అటు దొర్లినట్టు అని చెప్తుంటారు, కానీ ఆ పోలికతో చిక్కుంది, గోళీ దొర్లేది కింద భూమి లాగుతోంది కాబట్టి, గురుత్వాకర్షణని గురుత్వాకర్షణతోనే చెప్పినట్టు అవుతుంది. గ్రహాల విషయంలో ఎక్కువ పని చేసేది స్థలం వంపు కంటే కాలం వంపు, బరువుకి దగ్గరగా ఉంటే గడియారం నెమ్మదిగా నడుస్తుంది, దూరంగా ఉంటే జోరుగా. ఇది మాటవరసకి అన్నది కాదు. పైన తిరిగే జీపీఎస్ శాటిలైట్లలో గడియారాలు, వాటి వేగం వల్ల వచ్చే తగ్గుదల తీసేశాక కూడా, రోజుకి 38 మైక్రోసెకన్లు మన గడియారాల కంటే ముందుకి పోతాయి, అందుకే వాటిని ముందే ఆ మేరకు సరిచేసి పంపుతారు. సరిచెయ్యకపోతే ఆ 38 మైక్రోసెకన్లలో వెలుగు పోయే దూరమంత తప్పు రోజూ పేరుకుంటుంది, అది 11 కిలోమీటర్లు. గోల్కొండ నుంచి కొలిస్తే చార్మినార్ దాటి ఇంకా మూడు కిలోమీటర్లు.